ఇంజన్ ఏ పక్క?

కంప్యూటర్ చదువుకి రాంచీ వెళ్తానంది నా కూతురు లీల. వద్దన్నాను. దాని తల్లి అసిరమ్మ బతికుంటే నన్ను అడగకుండానే పంపేది. అసిరమ్మ పోయినప్పుడు జనం చూపించిన జాలి మూణ్ణాళ్ల ముచ్చటే. ఆ మొహాల్లో ఒక్కదాన్నీ నేను క్షమించలేదు.

నాది టాటానగర్ రైల్వే యార్డులో వేగన్లు జతచేసే షంటింగ్ పని. చదువు ఊరిబడితో సరి.

"ఆ మిషను ఏటి సేత్తాదో నాకు సెప్పు. నీ నెక్క తప్పకపోతే ఎల్లు," అన్నాను.

"అయితే మీ యార్డు లెక్కే చెప్తాను నానా. నాలుగు వేగన్ల వరస. ఒక్కోటీ ఉప్పుదైనా అవ్వచ్చు, మందుగుండుదైనా అవ్వచ్చు. మందుగుండువి రెండు పక్కపక్కన ఉండకూడదు. ఎన్ని రకాలుగా పేర్చొచ్చు?"

"నువ్వే సెప్పు."

"ఎనిమిది."

ఏమీ పేర్చలేదు. వేలు కూడా మడవలేదు.

"ఎలగే?"

"చివరిది ఉప్పుదైతే ముందు మూడింటికీ ఐదు రకాలు. చివరిది మందుగుండైతే దాని ముందుది ఉప్పే అవ్వాలి, మిగిలిన రెండింటికీ మూడు రకాలు. ఐదూ మూడూ ఎనిమిది."

"ఆ ఐదెక్కడిది?"

"అంతకంటే చిన్న వరసల నుంచి. ఒకసారి లెక్కేసింది మళ్లీ వెయ్యక్కర్లేదు. మిషను చేత కూడా అలాగే చేయిస్తారు."

నా బుర్రకేమీ ఎక్కలేదు. అగ్గిపెట్టె తీశాను. కాలిన పుల్ల మందుగుండు, కాలనిది ఉప్పు. నేల మీద వరసలు పేర్చాను. ఐదే వచ్చాయి. చెరిపి మళ్లీ పేర్చాను. ఐదే.

"తప్పీసినావు. రాంచీ నేదు, గీంచీ నేదు."

"పాంచ్ నహీ, ఆఠ్!" కోపమొస్తే దానికి హిందీయే వస్తుంది. వంగి పుల్లలు చూసింది. "కాలిన పుల్ల ఈ కొసన ఉన్న వరస ఉంది. ఆ కొసన ఉన్నదేది?"

"రెండూ ఒకే బండి కదే. అటు నుంచి చూత్తే ఇదే అది."

"ఇంజన్ ఏ పక్క నానా?"

"ఏ పక్కైనా తగిలిత్తాం. యార్డులో వేగనుకి ముందేటి, ఎనకేటి?"

అది నవ్వలేదు. ఖాళీ అగ్గిపెట్టెను వరసలకు ఎడమ పక్కన పెట్టింది. "ఇంజన్ ఇక్కడే. కదలదు. ఇప్పుడు పేర్చు."

పేర్చాను. ఒకటే బండి అనుకున్నవి రెండేసి అయ్యాయి. ఎనిమిది. తొమ్మిదోదాని కోసం చాలాసేపు చూశాను. దొరకలేదు.

"ఇంజన్ సంగతి ముందు సెప్పాల కదే?"

"అమ్మైతే ఈ లెక్కలేవీ అడక్కుండానే పంపేది."

ఆ మాట మరిచిపోను. కానీ ఇచ్చిన మాట ఇచ్చినట్టే. బట్టలు సర్దుకోమన్నాను.

"ఐదు వేగన్లయితే?" అని వెనక నుంచి అడిగాను.

"పదమూడు," అంది, తిరిగి చూడకుండా.

మళ్లీ పేర్చడం మొదలుపెట్టాను. పుల్లలు చాల్లేదు. పక్కింటి గణపతిరావును అడగాలి. అసిరమ్మ పోయినప్పటి నుంచీ అతనితో నాకు మాటల్లేవు.