ఊరున్న రాయి

ఒమన్‌లో, మస్కట్ పక్కన రుసైల్‌లోని ఆ మార్బుల్ ఫ్యాక్టరీలో డ్యూటీ ఆరింటికి మొదలవుతుంది. కంపెనీ బస్సు దిగగానే అందరూ చాయ్ కోసం ఎగబడితే, పెద్దులు మాత్రం యార్డులో దిగిన కొత్త రాళ్ల దగ్గరికి పోతాడు. చిన్న సుత్తెతో రాయిని నాలుగు పక్కలా తట్టి, చెవి ఆనించి వింటాడు. ఖంగుమంటే మంచి రాయి. డొల్లగా పలికితే లోపల పగులున్నట్టు. వడ్డెర ఇంట్లో పుట్టినవాడికి ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పక్కర్లేదు. జగిత్యాల దగ్గరి గుట్టల్లో రాళ్లు కొట్టిన తాతల చెవులే అతనికీ వచ్చాయి. మిషను మంచిదని చెప్పిన రాయి కూడా పెద్దులు తల అడ్డంగా ఊపితే పక్కకు పోవలసిందే.

మార్చిలో లిస్బన్ నుంచి ఒక రాయి దిగింది. పోర్చుగల్ దేశానికి రాజధాని అది. మస్కట్ అజైబాలో కడుతున్న ఒక విల్లా గోడలకు ఈ రాయే కావాలని ఇంటాయన పట్టుబట్టాడట. చిన్న గది అంత రాయి, మీగడ రంగు. పెద్దులు తట్టాడు, చెవి ఆనించాడు, చాలాసేపు తియ్యలేదు.

"ఎలా ఉందయ్యా?" అని అడిగాడు ఫోర్‌మన్ గణపతి.

"పగుళ్లు లేవు సార్. లోపల ఊరున్నది. జనం మస్తున్నరు."

"జనం ఉంటే పాలిష్‌కి ఇబ్బందా?"

"ఇబ్బందేం లేదు సార్."

"అయితే మిషనెక్కించు. నెలాఖరుకి ఇచ్చెయ్యాలి."

గణపతిది కాకినాడ. గొంతు పెంచే మనిషి కాదు. నవ్వుతూనే చెంప పగలగొడతాడు, పగలగొట్టాక కూడా ఆ నవ్వు అలాగే ఉంటుంది. ఫ్యాక్టరీలో ఆ చెయ్యి తగలని చెంప లేదు.

మనిషికంటే ఎత్తైన చక్రం తిరుగుతూ ఆ రాయిని పలకలుగా కోస్తుంది, రోజుకో పలక. కోత చల్లబడడానికి పైనుంచి నీళ్లు పడుతూ ఉంటాయి. మొదటి పలక ఊడి వచ్చేసరికి అందులో కొండ మీద ఒక ఊరు, కింద సముద్రమంత వెడల్పున్న నది కనిపించాయి. ఊళ్లోంచి అజాన్ వినిపించింది. పాలిష్ పట్టే మొయినుద్దీన్, కడప మనిషి, మిషను ఆపి తలమీద రుమాలు వేసుకున్నాడు. అప్పట్లో అది తురకల ఊరు. మధ్యాహ్నానికి ఉత్తరం నుంచి ఓడల్లో సైన్యాలు వచ్చి కోటను చుట్టుముట్టాయి. నరికిన తలలను బల్లేలకు గుచ్చి గోడల ముందు నిలబెట్టాయి. ఆ ఊరి లెక్కన పదిహేడు వారాలకు ఆకలితో తలుపులు తెరిచిన ఊరిని, వదిలేస్తామని మాట ఇచ్చి కూడా, దోచుకుని నరికారు. శిలువకు మొక్కేవాళ్లే, ఆ ఊళ్లో ఉంటూ అదే శిలువకు మొక్కే ముసలి బిషప్ గొంతు కోశారు. మిషను కింది నీళ్లు ఎర్రగా పారాయి.

"ఇదేం కర్మప్పా," అన్నాడు మొయినుద్దీన్, "నా మిషను మీద ఇంతమందిని సంపుతాండారు."

గణపతి వచ్చి చూసి, మరకలు పడకుండా నీళ్లు ఎక్కువ కొట్టమన్నాడు.

రెండో పలకలో రేవు నిండా ఓడలు. లోడు కోసం వచ్చిన ఒమానీ డ్రైవరు వాటిని చూసి దగ్గరికి వచ్చాడు. వచ్చీరాని హిందీలో చెప్పాడు. ఈ ఓడలే మా మస్కట్‌కు వచ్చాయి, ఊరు తగలబెట్టాయి, పట్టుబడ్డవాళ్ల చెవులూ ముక్కులూ కోసి వదిలాయి, వాళ్లను వెళ్లగొట్టడానికి మాకు నూట నలభై ఏళ్లు పట్టింది అని. చెబుతున్నంతసేపూ ఒక చేత్తో తన చెవి పట్టుకునే ఉన్నాడు.

మూడో పలకలో చర్చి. శిలువ మీద ఏదో వెలుగు కనబడి జనం మహిమ అని ఏడుస్తున్నారు. ఒకడు మాత్రం అది దీపం వెలుతురే కదా అన్నాడు. అంతే, జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చి కొట్టి చంపి, చౌరస్తాలో కాల్చారు. అతను యూదుల్లోంచి బలవంతం మీద మతం మారినవాడట. ఆ తరువాత అలాంటి వాళ్లందరి ఇళ్ల మీదా పడ్డారు. ఆడవాళ్లను, ఉయ్యాలలోని పిల్లలను కూడా వదలలేదు.

ఘోరం జరిగింది ఈ పలక దగ్గరే. చక్రానికి అడ్డుగా ఉండే ఇనుప రేకును గణపతి ముందురోజే తీయించాడు. దానిలో రాతి ముక్కలు ఇరుక్కుంటే మాటిమాటికీ మిషను ఆపాల్సి వస్తోందని అతని బాధ. ఆ ముక్కలు లాగే పని గంగాప్రసాద్‌ది. పెద్దులు భార్య సత్తవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు, ముప్పై రెండేళ్లవాడు. ఆ రోజు చర్చిలోని కేకలతో షెడ్డంతా అదిరిపోతోంది. పెద్దులు మీటల దగ్గర ఉన్నాడు. నీళ్లు ఎర్రగా వస్తున్నాయి. మూడు రోజులుగా ఎర్రగానే వస్తున్నాయి. ఉన్నట్టుండి మరీ చిక్కగా వచ్చాయి. ఈ ఊళ్లో ఇంకెంతమందిని చంపుతారురా నాయనా అనుకున్నాడు తప్ప పెద్దులు మిషను ఆపలేదు. ఆ కేకల్లో ఒక కేక తెలుగులో ఉందని తెలిసేసరికి బామ్మర్ది కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది.

గంగాప్రసాద్ తాగి డ్యూటీకి వచ్చాడని గణపతి కంపెనీకి కాగితం రాసి పంపాడు. పెద్దులు పక్కనే ఉన్నాడు, నోరు తెరవలేదు. దీపం వెలుతురే అన్నవాడికి ఏమైందో అప్పుడే చూసి ఉన్నాడు మరి.

పది రోజుల తరువాత గంగాప్రసాద్‌ను ఆసుపత్రి నుంచి క్యాంపు రూమ్‌కు తెచ్చారు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, "బావా, నా చెయ్యి ఏం జేసిండ్రు?" అని అడిగాడు.

అది రాతి బురదతో కలిసి వెనకాల గుంటలోకి పోయింది. "ఆసుపత్రోళ్లు ఉంచుకున్నరు," అన్నాడు పెద్దులు.

"గణపతిని సంపు. నువ్వు సంపకుంటే నేనే సంపుత, ఎడమచేత్తోనన్న."

"నువ్వు ఆగు. నేనే జేస్త."

ఊరికే ఓదార్చడానికి అన్న మాట కాదు. పెద్దులు నిజంగానే తీర్మానించుకున్నాడు. చంపితే ఈ దేశంలో తన ప్రాణమూ పోతుందని తెలుసు, భయపడలేదు. సత్తవ్వకు ఫోనులో తమ్ముడి సంగతి చెప్పడమే అంతకంటే భయంగా ఉంది. క్రేన్ ఎత్తిన ప్రతి పలకకూ అడుగు అంచు చూడడం గణపతి అలవాటు. కిందికి దూరి, మెడ వంచి, వేలితో తడుముతూ చూస్తాడు. క్రేన్ పట్టుకారు పలకను సగమే కరిచి పట్టేలా పెట్టి, ఒక్క కుదుపు కుదిపితే చాలు. పలక బరువు పదహారు మంది మనుషులంత.

అందుకు కుదిరింది ఆఖరి పలక. దాన్ని కోసేటప్పుడు షెడ్డు నేల వణికింది. పలకలో పండగ పూట, చర్చీల నిండా కొవ్వొత్తులు, మోకాళ్ల మీద జనం. భూమి మూడుసార్లు ఊగింది. చర్చి కప్పులు జనం నెత్తినే కూలాయి. బతికినవాళ్లు నది ఒడ్డుకు పరుగెత్తారు. నది వెనక్కి పోయి అడుగు బురద బయటపడింది, మళ్లీ గోడలా లేచి వచ్చి అందరినీ ఊడ్చుకుపోయింది. మిగిలినదాన్ని కొవ్వొత్తులు అంటించాయి. ఆ మంటలు ఆ ఊరి లెక్కన అయిదారు రోజులు ఆరలేదు. మొయినుద్దీన్ పాలిష్ పట్టలేక దూరంగా కూర్చున్నాడు. పెద్దులుకు మాత్రం గుండె గట్టిపడింది. ఇంతమంది పోగా లేనిది ఒక్క గణపతి పోతే ఏమిటి అనిపించింది.

మర్నాడు పొద్దున పదింటికి పలకను క్రేన్‌కు తగిలించాడు. పట్టుకారు సగమే పట్టింది, ఎవరూ చూడలేదు. రిమోట్ చేతిలో పట్టుకుని పైకెత్తాడు. ఎప్పటిలాగే గణపతి కిందికి దూరాడు, మెడ వంచాడు. తెల్లటి కాలరు పైన ఆ మెడ పెద్దులుకు స్పష్టంగా కనిపించింది. బొటనవేలు మీట మీదికి వచ్చింది.

అప్పుడు టక్ టక్ అని వినిపించింది. పలకలోంచే. రాత్రికి రాత్రే అందులో మంటలు చల్లారి, బూడిదలో డేరాలు లేచాయి. దొంగలను వేలాడదీసిన ఉరికొయ్యలు కూడా ఉన్నాయి. ఒకచోట కర్రలతో ఇంటి చట్రం కట్టి, అది ఊగుడుకు ఆగుతుందో లేదో తేల్చడానికి సిపాయిలు దాని చుట్టూ కాళ్లు నేలకేసి కొడుతూ తిరుగుతున్నారు. వాళ్ల పక్కనే ఒక ముసలివాడు కూలిన చర్చి రాయిని చిన్న సుత్తెతో నాలుగు పక్కలా తట్టి, చెవి ఆనించి వింటున్నాడు. మళ్లీ కట్టడానికి పనికొచ్చే రాళ్లు ఏరుతున్నాడు. పలక కొంచెం ఊగింది. ముసలివాడికి తెలిసింది. సుత్తె కింద పెట్టి, పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లను దగ్గరికి లాక్కుని, పెద్దులు వైపే చూశాడు. సిపాయిలు ఆగారు. డేరాల్లోంచి జనం బయటికి వచ్చి అందరూ అతని వైపే చూశారు. ఎవరూ దండం పెట్టలేదు, ఏడవలేదు. మళ్లీనా అన్నట్టు చూశారు.

పెద్దులు బొటనవేలు మీట మీంచి తీశాడు. ఆ ఊరికి ఇప్పుడు భూకంపం తనే.

"ఏంటయ్యా, నిద్రపోయావా?" అన్నాడు గణపతి కింద నుంచి.

"సార్, పక్కకు జరుగుండ్రి," అన్నాడు పెద్దులు. "మీద ఊరున్నది."

గణపతి విసుక్కుంటూ జరిగాడు. పెద్దులు ఊపిరి బిగపట్టి, వేలెడు వేలెడు చొప్పున దించి, పలకను చప్పుడు కాకుండా స్టాండుకు ఆనించాడు. ఒక్క డేరా కూలలేదు. ఇంత ఆలస్యమా అని గణపతి వచ్చి నవ్వుతూ చెంప మీద ఒకటి ఇచ్చాడు. పెద్దులు ఆ దెబ్బ తిని, రిమోట్ అతని చేతిలోనే పెట్టి, డ్యూటీ మధ్యలోనే గేటు దాటి నడిచాడు.

రూమ్‌లో గంగాప్రసాద్ లేచి కూర్చుని ఉన్నాడు. "అయిందా?"

"కాలె."

స్టీలు గ్లాసు వచ్చి పెద్దులు నుదుటికి తగిలింది. కనుబొమ్మ చిట్లి రక్తం కారింది. పెద్దులు తుడుచుకోలేదు, మంచం ముందు నేల మీద కూర్చున్నాడు.

"నెత్తురు నాకు కనవడ్డదిరా," అన్నాడు. "ఆ ఊరిది అనుకున్న. మిషను ఆపలె. రేకు తీపిచ్చింది గణపతి, ఆపంది నేను. సంపుత సంపుత అని నీకు ఈ ముచ్చట చెప్పకుంట తప్పిచ్చుకున్న."

గంగాప్రసాద్ కట్టు కట్టిన మొండిచెయ్యిని ఒళ్లోకి లాక్కున్నాడు. "నాలుగుసార్లు పిలిచిన బావా నిన్ను," అన్నాడు.

పెద్దులు అప్పుడు ఏడ్చాడు. ఇన్నాళ్లలో ఏడవడం అదే మొదలు. ఏడ్చి, ముక్కు చీదుకుని, "అల్ ఖువైర్ పోదాం," అన్నాడు. "లేబర్ ఆఫీసుల చెప్త. నువ్వు తాగలేదని చెప్త, రేకు సంగతి చెప్త, నా సంగతి చెప్త."

"నిన్ను గూడ పట్టుకుంటరు."

"పట్టుకోనీ."

గంగాప్రసాద్ లేచి, మేకుకు తగిలించిన తెల్ల అంగీని ఎడమచేత్తో దింపాడు. ఎలాగో తంటాలు పడి తొడుక్కుని, బావ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"గుండీలు పెట్టు మరి," అన్నాడు. "ఆఫీసు రెండు దాకనే ఉంటది."