వీబ్కె కొట్టిన గండి

పొద్దున్నే జావ కాచి దించగానే వీబ్కె పార భుజాన వేసుకుని కరకట్ట మీదికి పోయేది. మా నేల సముద్రం కంటే పల్లం. ఇంటికో ముక్క కట్ట, ఎవరి ముక్క వాళ్లే చూసుకోవాలి. వీబ్కె కట్ట చలికాలంలో దగ్గేది, గాలివాన ముందు అటూ ఇటూ దొర్లేది. ఆమె ఎలుక కన్నాలు పూడ్చి, "పడుకో తాతా, నేనున్నాగా" అని తడితే సర్దుకునేది. పక్కవాళ్ల కట్ట గురక పెట్టేది. ఆ ఇంట్లో మనుషులూ అంతే.

ఒక చలికాలం చివర్లో ఉత్తరాది రాజు మమ్మల్ని లొంగదీసుకోవడానికి కిరాయి సైన్యంతో, ఫిరంగులతో వచ్చాడు. మావాళ్లు అందులో పదోవంతు కూడా లేరు. వీబ్కె మొగుడు హార్‌మెన్‌తో సహా అందరూ దారికి అడ్డంగా మట్టిదిబ్బ పోసుకుని, మంచువానలో దాని వెనక కూర్చున్నారు. సముద్రం పోటు మీదున్నప్పుడు కట్టకి గండి కొడితే తప్ప వాళ్లలో ఒక్కడూ మిగలడని ఊరందరికీ తెలుసు. గండి కొట్టినవాళ్లని అదే గండిలో ప్రాణాలతో పూడ్చాలనీ, మొదటి పార మట్టి ఇంటివాళ్లే వేయాలనీ కూడా తెలుసు. తాతల నాటి కట్టుబాటు అది. రాజు వచ్చాడని మారదు.

అందుకే ఎవరూ ముందుకు రాలేదు. వీబ్కె వచ్చింది. కట్టల పెద్ద బోయె ఆమె వెంట నడిచాడు.

"చూడలేదని చెప్పనమ్మా. అబద్ధం నా వల్ల కాదు."

"చెప్పమన్నానా మామా? నా మొగుడు అక్కడున్నాడు. పక్కకి జరుగు, తడుస్తావు."

మొదటి వేటుకి కట్ట మూలిగింది. ఆమె ఏడుస్తూనే తవ్వింది. సముద్రం లోపలికొచ్చింది. రాజుగారి సైన్యం గుర్రాలతో సహా దారి మీదే కూరుకుపోయింది. మావాళ్లు పొడవాటి గడలతో కాలవలు దూకుతూ వెళ్లి దొరికినవాణ్ణి దొరికినట్టు చంపారు. సాయంత్రానికి గెలిచాం. పొలాల్లో తేలుతున్నవాళ్లలో మీసం రానివాళ్లే ఎక్కువ. వాళ్లని చూశాక సంబరం చేసుకోబుద్ధి కాలేదు.

మర్నాడు నీళ్లు వెనక్కి తీశాక వీబ్కెని గండిలో నిలబెట్టారు. ఊరంతా ఏడ్చింది, ఊరంతా మట్టి మోసింది. ప్రాణాలతో తిరిగొచ్చిన హార్‌మెన్ చేతికి బోయె పార ఇచ్చాడు. అతను వేశాడు. తర్వాత అందరూ వేశారు. మట్టి ఆమె మెడ దాకా వచ్చింది.

అప్పుడు కట్ట రెండు వైపుల నుంచీ జరిగి గండి పూడ్చుకుంది. పూడ్చుకుంటూ, పసిపిల్లని ఎత్తుకున్నట్టు వీబ్కెని పైకెత్తి తన మీద కూర్చోబెట్టుకుంది.

కొందరు మళ్లీ పారలు ఎత్తబోయారు. బోయె అడ్డుపడ్డాడు.

"పూడ్చమంది కట్టుబాటు, పూడ్చాం. కట్ట వద్దంటే మనమేం చేస్తాం? పదండి ఇళ్లకి."

హార్‌మెన్ ఒక్కడే ఆగి, కింద నుంచి చెయ్యి అందించాడు. ఆమె అందుకోలేదు. నేను వేయకపోతే కట్టుబాటు తప్పేది కదా అని అతను గొణిగాడు. వీబ్కె నోట్లోని మట్టి ఉమ్మేసింది.

"నీ తప్పేం లేదయ్యా. నువ్వు బతకాలనే గండి కొట్టాను. బతుకు. నీ పక్కన మాత్రం ఇంక పడుకోలేను."