నైలు తాగిన గుల్లలు

రంజాన్ నెలలో పొద్దు వాలే వేళకి అలెగ్జాండ్రియాలో ఎవరి బుర్రా ఎవరి దగ్గరా ఉండదు. రావియా బుర్ర మాత్రం ప్రయోగశాలలో, ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం అడుగున ఉంది.

ఆ గొట్టంలో ఉన్నవి ఇసుక రేణువంత జీవుల గుల్లలు. వేల ఏళ్ళ కిందట నైలు కలిసే చోట సముద్రంలో తేలుతూ బతికి, చచ్చి, అడుగు బురదలో పడ్డవి. నది నీరు వస్తూ వస్తూ బేరియం అనే లోహాన్ని మోసుకొస్తుంది. ఆ జీవి చుట్టూ ఉన్న నీటిలోంచే సరుకు తీసుకుని గుల్ల కట్టుకుంటుంది. గుల్లలో బేరియం దండిగా ఉంటే ఆ ఏళ్ళలో నైలు నిండుగా పారినట్టు, లేకపోతే లేనట్టు.

రావియా డాక్టరేటు మొత్తం ఆ బురదలోని ఒక్క పొర మీద నిలబడింది. అది పెద్ద కరువు కాలపు పొర. అప్పుడు నైలు అసలు సముద్రం దాకా వచ్చిందా, మధ్యలోనే ఇంకిపోయిందా అన్నదే ఆమె ప్రశ్న. ఆ పొరలో గుల్లలు పిసినారి ఇంట్లో మెతుకుల్లా దొరికాయి. ఉన్న బురదంతా జల్లించి, తడి కుంచెతో ఒక్కొక్కటే ఏరింది. ఇక బురద లేదు. మళ్ళీ తవ్వి తేవడానికి ఓడా లేదు, అది పాత ఇనుము కింద పోయింది.

పొరకో గొట్టంలో గుల్లల్ని చితక్కొట్టి, మట్టి వదిలేదాకా కడగాలి. చివర్లో పలుచని ఆమ్లంతో ఒకే ఒక్క తడుపు. అది పై మురికిని తినాలి, ఎక్కువైతే గుల్లనే మింగుతుంది. అందుకే మొదలుపెట్టిన చెయ్యే ముగించాలని ఆ గదిలో నియమం. గోడకి అంటించింది పక్కబల్ల సిద్రాకే.

సిద్రాక్ క్రైస్తవుడు. రంజాన్‌లో ఇఫ్తారు వేళకి అందరి పనులూ తనే కాస్తాడు. ఈస్టరు ముందు అతను ఉపవాసాలుంటే వీళ్ళు అతని పని కాస్తారు.

“వెళ్ళు డాక్టరమ్మా, ఖర్జూరం నోట్లో వేసుకో. నీ మొహం కంటే ఆ గుల్లలే నయం, కాస్త కళగా ఉన్నాయి.”

“ఇంకా డాక్టర్ని కాలేదన్నా, దిష్టి పెట్టకు. చివరి తడుపొక్కటే మిగిలింది. వచ్చి చేసుకుంటా.”

అజాన్ వినబడగానే కిందికెళ్ళి, రెండు ఖర్జూరాలు నమిలి, ఆప్రికాట్ పానకం నిలబడే గుటకలేసి పరుగున వచ్చింది. గదిలో ఎవరూ లేరు. గొట్టాలన్నిటికీ చివరి తడుపు ఇచ్చి, ఆ నీళ్ళు తీసి, అన్ని గొట్టాల నీళ్ళూ కలిపి పారబోసే వృథా సీసాలో పోసింది. ఎవరైనా ముట్టుకున్నారా అని అడగాలని తోచలేదు. నియమం ఉందిగా.

సిద్రాక్ టీ గ్లాసులతో వచ్చాడు.

“అప్పుడే వచ్చేశావా? సూపైనా తాగలేదా తల్లీ? నీ గొట్టాలకి చివరి తడుపు నేనే ఇచ్చేశాలే, హాయిగా తింటావని.”

రావియా గొట్టాల్ని భూతద్దం కింద పెట్టింది. మిగతా పొరలవి చిటికెడు ముగ్గుపిండిలా ఇంకా ఉన్నాయి. కరువు పొర గొట్టంలో ఏమీ లేదు. తిప్పి చూసింది, తట్టి చూసింది. ఇద్దరు ఉప్పేసిన కూరనైతే పారబోసి మళ్ళీ వండుకోవచ్చు, దీనికి ఆ దిక్కు కూడా లేదు.

“నన్ను తిట్టమ్మా. చెంప పగలగొట్టు. ఏదో ఒకటను” అన్నాడు సిద్రాక్.

అతను బద్ధకస్తుడో అసూయాపరుడో అయితే రావియా కడిగేసేదే. ఆకలితో ఉందని జాలిపడ్డ మనిషిని ఏమని తిడుతుంది? కోపం రాకపోవడం ఆమెకు మరీ దుర్భరంగా ఉంది.

సిద్రాక్ ఉన్నట్టుండి వృథా సీసా అందుకున్నాడు. “ఇందులోనే పోశాం కదా! బేరియం ఎక్కడికి పోతుంది? ఇందులోనే ఉంటుంది!”

“ఉంటుంది.”

“మరింకేం, కొలిచే యంత్రంలో పెడదాం.”

“పెడితే అంకె వస్తుందన్నా. నైలు నిండుగా వచ్చిన ఏళ్ళ నీళ్ళూ అందులోనే, ఆ కరువు ఏళ్ళవీ అందులోనే. ఏ చుక్క ఏ పొరదో ఎవరు చెప్పాలి?”

సిద్రాక్ సీసాని ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. టీలు చల్లారిపోతున్నాయి.

“డాక్టరేటు ఇచ్చే పెద్దలంతా కూర్చుని, అప్పుడు నది వచ్చిందా రాలేదా అనడుగుతారు. నేనేం చెప్పనన్నా?”

సిద్రాక్ ఒళ్ళో సీసాని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ ప్రశ్నకి జవాబు ఇక ఎవరి దగ్గరా ఉండదు.