తునికాకు కింది మన్ను

ఒక పొద్దున పప్పులోకి నాలుగు పాలకూర ఆకులు కోద్దామని పెరట్లోకి పోయేసరికి నా మనుమరాలు దీక్షిత గోడవారన గొంతుక్కూర్చుని మన్ను నాకుతోంది. నాలుగేళ్ల పిల్ల. వేలు ఉమ్మితో తడుపుకోవడం, మన్నులో అద్దడం, నోట్లో పెట్టుకోవడం. బెల్లంపాకం నాకినంత శ్రద్ధగా. ఉరికిపోయి చెయ్యి పట్టుకుని “థూ, ఉమ్మెయ్ బిడ్డా” అన్నాను. ఉమ్మలేదు. నా మొహంలోకి చూసి నవ్వి, “తియ్యగున్నది నానమ్మా” అంది.

నా చేతిలో కత్తిపీట లేదు గానీ ఉంటే జారిపోయేదే. ఎందుకంటే ఆ మన్ను తియ్యగా ఉంటుందని నాకు తెలుసు. దీని తండ్రి శివకుమార్ నా కడుపులో ఉన్నప్పుడు మన్ను మీదికి మనసు పోయేది. ఇదే గోడవారన, అత్త చూడకుండా, చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను. నలభై ఏళ్లు దాటింది, ఆ రుచి నన్ను విడిచిపెట్టలేదు. నేను పుట్టిన ఊరి మన్నూ తిన్నాను, చెరువుకట్ట మీది మన్నూ తిన్నాను, ఎక్కడైనా చప్పనే. మా పెరటిది ఒక్కటే తియ్యన.

మాది బోధన్. మా ఆయన తుకారాం బ్యాటరీల మనిషి. చెరుకు లారీలకూ ట్రాక్టర్లకూ బ్యాటరీలు బాగుచేసేవాడు. చెరుకు నరికే కాలం వచ్చిందంటే మా ఇంటి ముందు లారీల వరుస ఉండేది. బాగుకాని వాటిని పెరట్లో తూర్పుగోడ పక్కన సుత్తితో పగలగొట్టి, లోపలి నీళ్లు మన్నులో పారబోసి, పలకలను బట్టీ మీద ఇనుప మూకుట్లో కరిగించి సీసం తీసేవాడు. ఆ బట్టీ పెట్టింది మా పెళ్లైన ఏడే. పేరు ఆయనది, సగం పని నాది. కరిగాక మిగిలిన బూడిదను చాటలో చెరిగి సీసం గుండ్లు ఏరేది నేను. నల్లటి చిట్టెం గంపకెత్తి పెరట్లో వెదజల్లేది నేను. అదే చాట కడిగి మధ్యాహ్నం బియ్యం చెరిగాను, అదే చాట ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా బీడీలు చుట్టాను. ఇంత చేసినా ఆయన తిండి దగ్గర కూర్చుని రోజూ అనే మాట ఒకటి ఉండేది: “నువ్వేం జేస్తవే, ఇంట్లనే ఉంటవు గద.”

మా అత్త హన్మవ్వది బిలోలి దిక్కు, మరాఠీ గడ్డ. దసరా తొమ్మిది రోజులూ దేవుని గదిలో ఘటం పెట్టే ఆచారం ఆమెతోనే ఈ ఇంటికి వచ్చింది. మోదుగాకు విస్తరిలో మన్ను పరిచి, గోధుమలూ జొన్నలూ చల్లి, నడుమ నీళ్ల కుండ పెట్టి, పక్కన దీపం ఆరకుండా చూసుకోవాలి. తొమ్మిది రోజులూ ఆ గదిలోకి ఆడవాళ్లే పోతారు. దసరా పొద్దున మొలకలు తెంపి మగవాళ్ల చెవి మీద పెడితే, వాళ్లు ఆ అలంకారంతో జమ్మికి పోతారు. మన్ను మాత్రం సొంత ఇంటిది, తూర్పు దిక్కుది కావాలి. మొలక ఎంత ఎత్తు లేస్తే ఆ ఇంటి కోడలి చెయ్యి అంత మంచిదని లెక్క.

నేను వచ్చిన మొదటి దసరాకు మూడో రోజైనా మన్ను కదల్లేదు. అయిదో రోజు అక్కడొకటి ఇక్కడొకటి లేచాయి. గోరంత లేచి ఆగిపోయాయి. పసుపుపచ్చగా, కొసలు మాడి, అన్నీ తల వంచుకుని, కింద ఏదో మాట్లాడుతుంటే వింటున్నట్టు. నీళ్లు తగ్గాయేమో అని పోశాను. ఎక్కువయ్యాయేమో అని ఆపాను. దసరా నాడు తెంపడానికి వేళ్లకు అందలేదు. మా అత్త విస్తరి ఎత్తి వచ్చినవాళ్లందరికీ చూపించింది. “సూడుండ్రి, గీ పోరిది సచ్చిన చెయ్యి. గోధుమలు గూడ లేసుటానికి భయపడుతున్నయ్.” అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు.

రెండో ఏడూ, ఆ తర్వాతి ఏళ్లూ అంతే. శివకుమార్ పుట్టాక నాకు రెండు కాన్పులు నిలవలేదు. అప్పుడు మా అత్త ఆ రెండు మాటలనూ ముడేసింది. “మన్నుల గింజ నిలువది, కడుపుల పిల్ల నిలువది. నీ తాన ఏది నిలుస్తదే?” నేను నా చెయ్యి వైపు చూసుకునేదాన్ని. బీడీల కోసం తునికాకు కోసి కోసి వేళ్ల కొసలు నల్లబడిన చెయ్యి. నిజమేనేమో, దీన్లో ఏదో చచ్చిపోయి ఉందేమో అనుకునేదాన్ని. ఆ చేత్తో పిల్లవాణ్ని తాకాలన్నా జంకు పుట్టేది. మనిషికి తన చెయ్యి మీదే అనుమానం వస్తే ఎక్కడికి పోతుంది చెప్పండి, అది పొద్దున లేస్తే మనతోనే లేస్తుంది.

ఆ పైయేడు బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి తిరిగొస్తూ, కాలువ గట్టు మీద, చెరుకు తోట అంచున కూర్చున్నాను. నల్లమన్ను మెత్తగా ఉంది. గడ్డి, పురుగులు, మెలికలు తిరిగే ఎర్రలు. అప్పుడు తట్టింది, మా పెరట్లో ఎర్రను నేను ఎప్పుడూ చూడలేదు. ఎందుకని అడగలేదు. నాకు కావలసింది జవాబు కాదు, మొలక. రెండు దోసిళ్లు సంచి అడుగున వేసి పైన తునికాకు పరిచాను. ఆడదాని తునికాకు సంచిలో ఏ మగవాడూ చెయ్యి పెట్టడు, అత్తలు కూడా పెట్టరు. ఇంటికొచ్చి ఆ మన్ను ఘటానికి పెట్టాను.

మూరెడు లేచింది. మా అత్త ఒక్క మాట అనలేదు, అదే నాకు పండుగ. మా ఆయన చెవి మీద ఇంత పచ్చటి గుత్తి పెట్టుకుని ఊరంతా తిరిగాడు. ఆ తర్వాత ఏటేటా అంతే. అత్త పోయింది, నా పేరు నిలిచింది. కొత్త కోడళ్లకు ఘటం పెట్టేటప్పుడు చెయ్యి తాకించడానికి నన్ను పిలిచేవాళ్లు. పోయేదాన్ని. తాకేదాన్ని. ఆ పేరు నాకు ఎంత తీపో ఎవరికీ చెప్పలేను.

ఊళ్లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక లారీలు తగ్గాయి, మా బట్టీ ఆరిపోయింది. శివకుమార్ ఇప్పుడు కొత్త బ్యాటరీలు అమ్ముతాడు. మా ఆయన కుడి మణికట్టు వేలాడిపోయి పదిహేనేళ్లు, వాతమన్నారు. బట్టీ ఉన్న చోట చాలాకాలం గడ్డి కూడా మొలవలేదు. పెంట మోసి మోసి పోశాను, చివరికి పాలకూర లేచింది. ఆకు నిగనిగలాడుతుంది. ఒక్క పురుగు కొట్టదు. ఎంత మంచి కూరో అని మురిసి పిల్లకు పప్పులో వేసి పెట్టాను. చీమలు మాత్రం ఆ మడి చుట్టూ తిరిగిపోయేవి, అడ్డంగా పోయేవి కావు. చూసేదాన్ని. చూసి ఊరుకునేదాన్ని.

పిల్ల మన్ను నాకిన వారానికి, దీక్షితకు ఈడుకు తగినన్ని మాటలు రావడం లేదనీ, ఊరికే కడుపునొప్పి అంటుందనీ నా కోడలు సవిత దాన్ని నిజామాబాద్ తీసుకుపోయింది. డాక్టరమ్మ రక్తం తీసి హైదరాబాద్ పంపింది. రిపోర్టు వచ్చింది. పిల్ల రక్తంలో సీసం ఉందట. ఇంటి దగ్గర ఎప్పుడైనా బ్యాటరీలు కరిగించారా అన్నదే ఆమె అడిగిన మొదటి మాటట. సీసం మన్నులో కుళ్లదనీ, కాలదనీ, ఎన్నేళ్లైనా పోదనీ, పెద్దవాళ్ల మణికట్లను వేలాడేసేదీ అదేననీ, ఆకుకూరలు దాన్ని తాగి పైకి ఏమీ ఎరగనట్టు ఉంటాయనీ, లేత మొలకల వేర్లను మాత్రం ముందే మాడుస్తుందనీ చెప్పిందట. పిల్లను ఆ ఇంట్లో ఉంచొద్దు, పెరటి మన్ను ఒక డబ్బాలో తెచ్చివ్వండి, పరీక్షకు పంపుతాను అందట. సవిత ఇదంతా చెబుతుంటే నేను గుంజ పట్టుకున్నాను. లేత మొలకల వేర్లు అన్న దగ్గర నాకు చెవులు మూసుకుపోయాయి.

శివకుమార్ రిపోర్టు విసిరికొట్టాడు. “పిల్ల మన్ను తింటుంటె నువ్వేం జేస్తున్నవ్? ఫోన్ సూసుకుంట కూసున్నవా?”

“నేను సూడకపోతె తిన్నదనుకో. మన్నుల సీసం నేను కలిపిన్నా?” అంది సవిత.

మా ఆయన మంచం మీదినుంచే అందుకున్నాడు. “మా అవ్వ కాలం సంది గిదే మన్ను. ఏటేటా ఘటం మూరెడు లేస్తది. బోధన్ల ఇంకెవ్వరింట్ల లేస్తదో సెప్పు. మన్ను చెడ్డదైతే గోధుమలకు తెలవదా?”

“గదీ మాట,” అన్నాడు శివకుమార్. “మన్ను దీస్కపోయి ఊరందరికి సూపెడితె షాపు బద్నాం అయితది. గీ ఇంట్లకెల్లి పిడికెడు మన్ను బయటికి పోవద్దు. నీ పెంపకం మంచిగ లేదు, అంతే.”

సవిత వంటింట్లోకి వచ్చి నా పక్కన కూలబడింది. చాలాసేపు తన అరచేతుల వైపు చూసుకుంది. “అత్తమ్మా, మీ చెయ్యి మంచిది. నా చెయ్యే మంచిగ లేదేమో.”

ఆ మాట నాది. ఆ గొంతు కూడా నాదే, నాకు ఇరవై ఏళ్ల వయసప్పటిది. ఇదే వంటింట్లో, ఇదే గోడకు ఆనుకుని నాలో నేను అనుకున్నాను. నేను దాచిన మన్ను నన్ను కాపాడిందనుకున్నాను. అది ఈ పెరటిని కాపాడింది. నా మొలకలే సాక్ష్యమై నా కోడలి మీద నిలబడ్డాయి. నా అబద్ధం మీదే ఆ పాలకూర పెరిగింది, ఆ పాలకూర తిని పిల్ల పెరుగుతోంది. నిజం చెబితే నా పేరు పోతుంది. ఈ యాభై ఏళ్లలో నాకంటూ ఉన్నది ఆ పేరొక్కటే.

దసరా ఎదురుగానే ఉంది. ఈసారి రెండు విస్తర్లు పెట్టాను. ఒకదాంట్లో కాలువ గట్టు మన్ను. ఇంకోదాంట్లో మా తూర్పుగోడ మన్ను. “రెండేంది అత్తమ్మా?” అంది సవిత. “సూస్కుంట ఉండు. ఎవ్వరికి జెప్పకు” అన్నాను.

మూడో రోజు గట్టు మన్ను పగిలి కొసలు తెల్లగా కనపడ్డాయి. ఇంటి మన్ను అలాగే ఉంది, తుడిచిన గచ్చులా. దీపం రెండింటి మీదా ఒకేలా పడుతోంది. అయిదో రోజు ఇటు జానెడు. అటు అక్కడొకటి, ఇక్కడొకటి. గోరంత. పసుపుపచ్చగా, కొసలు మాడి, తల వంచుకుని వింటూ. నేను మోకాళ్ల మీద కూర్చుండిపోయాను. అవి కొత్త మొలకలు కావు. అవే. నా మొదటి దసరావి. ఇన్నేళ్లూ ఎక్కడికీ పోకుండా ఆ మన్ను కింద నా కోసం ఆగి, పిలవగానే అదే ఎత్తుకు, అదే వంపుతో లేచి వచ్చాయి. గదిలో మా అత్త నవ్వు వినపడ్డట్టయింది. ఏడో రోజూ అవి పెరగలేదు, చావలేదు. ఒకటి పీకి చూశాను. వేరు లేదు. వేరు ఉండాల్సిన చోట కాలిన వత్తి ముక్కలాంటిది ఉంది.

దీక్షిత నా భుజం మీంచి తొంగిచూసి గుసగుసగా, “గివి సిన్న పిల్లలా నానమ్మా?” అంది. నిలవని నా ఇద్దరూ గుర్తొచ్చారు.

దసరా పొద్దున మా ఆయన స్నానం చేసి, తెల్లంగి తొడుక్కుని, టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. శివకుమార్ పక్కనే. “తేవే, టైమయితుంది” అన్నాడు మా ఆయన. రెండు విస్తర్లూ తెచ్చి ముందు పెట్టాను. ఆయన వేలాడే చెయ్యి ఎప్పటిలాగే ఎత్తుగా ఉన్నవాటి మీదికి పోయింది. నేను ఆ విస్తరి వెనక్కి లాగాను.

“గిది కాల్వగట్టు మన్ను. మనది గది. మీ ఇంటి మన్నుల లేసింది తెంపి పెట్టుకో.”

ఆయన చిన్న విస్తరి వైపు చూసి నవ్వాడు. “ముసల్దానికి మతి తప్పింది. ఎప్పుడు మూరెడు లేస్తుండె గద?”

“ఎన్నడు లేవలే. నేనొచ్చిన్నాడు లేవలే, గీ యేడు లేవలే. నడుమ లేసినయన్ని దొంగమన్నుల లేసినయ్. తునికాకు కింద వెట్టి నేనే తెచ్చిన. గింజలొక్కటే, నీళ్లొక్కటే, గీ చెయ్యొక్కటే.”

మా ఆయన నోటినుంచి ముందుగా వచ్చిన మాట ఏమిటో తెలుసా? “మా అవ్వకు అబద్ధం జెప్పినవా?”

“ఔ. నాకు గూడ జెప్పుకున్న.”

శివకుమార్ ఒక మొలక పీకాడు. మాడిన వేరును వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత తండ్రి మణికట్టు చూశాడు. తర్వాత తన మణికట్టు. “అవ్వా, నేను గూడ గీ మన్నుల్నే ఆడుకున్న గద” అన్నాడు, చిన్నపిల్లవాడి గొంతుతో. “ఔ బిడ్డా” అన్నాను. అంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు. గడప దగ్గర నిలబడ్డ సవిత తన అరచేతులు రెండూ చీర కొంగుకు తుడుచుకుంది, తడి ఏమీ లేకపోయినా.

ఆ దసరాకు మా ఆయన చెవి మీద ఏమీ లేకుండా జమ్మికి పోయాడు.

మర్నాడు పొద్దున సవిత బట్టలు సర్దింది. ముందు నిజామాబాద్, డాక్టరమ్మ దగ్గరికి. అక్కణ్నుంచి వర్ని ఊళ్లో సవిత తల్లిగారింటికి, పిల్ల రక్తం బాగయ్యేదాకా. నేనూ బయల్దేరాను. శివకుమార్ అడ్డం రాలేదు, బస్టాండు దాకా సంచులు మోస్తానన్నాడు. మా ఆయన మాత్రం వాకిట్లో నిలబడి, “నువ్వెందుకు పోతున్నవే? ఇంట్ల వండుడెవ్వరు, ఊడుసుడెవ్వరు?” అన్నాడు.

“నేనేం జేస్తుంటినయ్యా, ఇంట్లనే ఉంటుంటి గద” అని చెప్పులు తొడుక్కున్నాను.

సంచులన్నీ శివకుమార్ మోశాడు గానీ ఒకటి మాత్రం వాడి చేతికి ఇవ్వలేదు, బస్సులో అది నేనే ఒళ్లో పెట్టుకున్నాను. యాభై ఏళ్లుగా బీడీలు మోసిన నా తునికాకు సంచి. మూత బిగించిన స్టీలు డబ్బా నిండా మా తూర్పుగోడ మన్ను అందులో ఉంది. ఆకు కింద కాదు, ఆకు మీద.