ఇంటికొచ్చిన నీళ్ళు

హజ్రా బీ రేకు బకెట్టును బోర్లించి, అడుగున పడిన చిల్లి చుట్టూ ఆకురాయితో గీకుతోంది. తుప్పు ఎర్రగా రాలి ఆమె కుచ్చిళ్ళలో పడుతోంది. పక్కన కుంపట్లో బొగ్గులు రాజుకున్నాయి. కార్తీకమాసపు చలికి ఆ వేడి మోకాళ్ళకు హాయిగా ఉంది. రేకు తెల్లబడేదాకా గీకి, తగరం అతుక్కోవడానికి దాని మీద నవాసారం పొడి చల్లింది. ఘాటు పొగ లేచి కళ్ళలో కొట్టినా మొహం తిప్పుకోలేదు. ఏళ్ళ తరబడి ఆ పొగలోనే కూర్చోవడంతో ఆమె రెప్పల వెంట్రుకలు పలచబడిపోయాయి. వేళ్ళ చివర్లు కాయలు కాసి నిప్పు సెగను కూడా ఆలస్యంగా తెలుసుకుంటాయి.

భర్త గులాం మొహిద్దీన్ ఉన్నన్నాళ్ళూ ఆమె తిత్తి ఊదేది, ఆయన మాట్లు వేసేవాడు. ఆయన పోయాక రెండు పనులూ ఆమె చేతికే వచ్చాయి. వెల్దుర్తికి అవతలి ఆ ఊళ్ళో ఆమెను బకెట్ల బీబమ్మ అంటారు. అంతకు మించి ఆమె గురించి చెప్పుకోవలసింది ఉందని ఎవరూ అనుకోలేదు.

పక్కింటి కోడలు మున్నీ నీళ్ళబిందె చంకన పెట్టుకుని వాకిట్లో ఆగింది.

"ఖాలా, నీ పాతాళగరిగెకు తుప్పు పట్టుద్ది, చూసుకో. రాఘవమ్మక్క బావిలో చేద పడేయటం మానేసిందిగా. ఇంక దాంతో నీకేం పని?"

"పని లేకపోతేనే మంచిది. నువ్వా నీళ్ళు తొణక్కుండా తీసకపో ముందు."

"పోతన్నాలే. ఇయాళ వంతు నాదేగా. మా అత్తకన్నా నువ్వే ఎక్కువ చాకిరీ చేయిస్తన్నావు నాతో!"

మున్నీ నవ్వుతూ రాఘవమ్మ ఇంటివైపు వెళ్ళింది. హజ్రా బీ తలెత్తి చూరు వైపు చూసింది. పాతాళగరిగె అక్కడే వేలాడుతోంది. ఇనప కడియానికి గుత్తిగా కొక్కేలు. బావిలో చేద జారిపడితే దీనికి తాడు కట్టి దింపి, నీళ్ళ అడుగున దేవి పైకి లాగాలి. ఊరంతటికీ ఇదొక్కటే. అరువు తీసుకునేవాళ్ళు తిరిగి ఇచ్చేదాకా ఒక ఇత్తడి గిన్నె ఆ ఇంట్లో వదిలి వెళ్ళాలి. అది పెద్దల నాటి రివాజు.

కొన్నేళ్ళుగా హజ్రా బీ మాత్రం గిన్నె పుచ్చుకునేది కాదు. గరిగె భుజాన వేసుకుని తానే బావిదాకా వచ్చేది. ఇనప ముక్కను ఎవరెత్తుకుపోతారని బీబమ్మకింత అనుమానం అని జనం నవ్వేవాళ్ళు. ఆమె వాళ్ళను నవ్వనిచ్చేది.

అసలు సంగతి వేరు. మొహిద్దీన్ ఉన్న రోజుల్లో వెనక వీధి జాన్‌బీ ఒకే వారంలో పదే పదే గరిగె కోసం వచ్చింది. హజ్రా బీ ప్రతిసారీ తిత్తి ఊదుతూనే గిన్నె పుచ్చుకుని, ఆ పిల్ల మొహమైనా చూడకుండా గరిగె ఇచ్చి పంపింది. ఆ తర్వాత ఒక పొద్దున గరిగె కోసం మగవాళ్ళు వచ్చారు. అప్పుడు వాళ్ళు వెతికింది చేద కోసం కాదు. చేద ఊరికే జారదని, బావి గట్టున నిలబడి మనిషి తన్ను తాను మరిచిపోతే జారుతుందని హజ్రా బీకి అప్పుడు తెలిసింది.

అందుకే వేసవిలో రాఘవమ్మ మొదటిసారి వచ్చి, "అత్తా, చేద పడిపోయింది" అన్నప్పుడు హజ్రా బీ కుంపటి మీద నీళ్ళు చల్లి లేచింది. రాఘవమ్మ హనుమయ్య భార్య. ముప్పై ఏళ్ళుంటాయి. సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఎవరినీ నొప్పించే మనిషి కాదు. హనుమయ్యకు పొలం ఉంది, నోరు మంచిది, చేయి ఎత్తే అలవాటు లేదు. అయినా ఆమె సగం దువ్విన తలతోనే పగలంతా గడిపేసేది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా పక్కనే కూర్చుని ఉండేది.

నాపరాళ్ళతో కట్టిన ఆ లోతైన బావి దగ్గర ఇద్దరూ చాలాసార్లు నిలబడ్డారు. గరిగెకు చేద తగిలినా హజ్రా బీ పైకి లాగేది కాదు. ఇంకా దొరకలేదంటూ తాడును అటూ ఇటూ కదిలిస్తూ మాటలు సాగదీసేది.

"దొరికిందత్తా. చప్పుడు నాకూ వినపడింది," అనేది రాఘవమ్మ.

"నీ చెవులు పాడుగాను! కాసేపు నిలబడితే నీ సొమ్మేం పోయింది?"

రాఘవమ్మ నవ్వేది. ఆ నవ్వు కోసమే హజ్రా బీ చేతులు లాగుతున్నా తాడు వదిలేది కాదు. నీకేం కష్టమే అని ఒకసారి అడిగింది.

"ఏం లేదత్తా. కష్టమంటూ ఉంటే చెప్పుకుని ఏడ్చేదాన్ని. పొద్దున లేస్తే ఒళ్ళంతా తడిసిన బొంతలాగుంటది. అంతే." బావిలోకి వంగి చూస్తూ అంది. "ఆ నీళ్ళకల్లా చూస్తే మాత్రం చల్లగుంటది."

ఆ మాట వినగానే హజ్రా బీ తాడు గబగబా పైకి లాగేసింది. ఆ సాయంత్రమే హనుమయ్యను పిలిచి చెప్పింది. అతను భార్యను మాచర్ల తీసుకెళ్ళి బలానికి సూదులు వేయించాడు. దర్గాలో తాయెత్తు కట్టించాడు. హజ్రా బీ ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళను ఒప్పించింది. రాఘవమ్మను బావి దగ్గరికి రానివ్వకూడదు, వంతులవారీగా నీళ్ళు ఆమె ఇంటికే చేర్చాలి. "దాన్నేమీ అడగబాకండి. కదిలిస్తే ఇంకా ఎక్కువైద్ది," అని కూడా చెప్పింది. వాళ్ళు అక్షరాలా అలాగే చేశారు. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. రాఘవమ్మ బావి గట్టు ఎక్కలేదు. గరిగె చూరు దిగలేదు. రాత్రి పడుకోబోయే ముందు హజ్రా బీ దాని వైపు చూసి, అల్లాను తలుచుకుని కళ్ళు మూసుకునేది.

మధ్యాహ్నానికి మాటు చల్లారింది. కారుతుందో లేదో చూడడానికి బకెట్టు తీసుకుని బావికి బయలుదేరింది. ప్రభుత్వం వేసిన చేతిపంపు నీళ్ళు ఉప్పగా ఉండడంతో ఆడవాళ్ళంతా బావి దగ్గరే ఉన్నారు.

"రేపు వంతెవరిదే, మహారాణి గారికి నీళ్ళు మొయ్యటానికి?" అంది ఒకామె గిలక మీద తాడు వేస్తూ.

"మాకూ మనసు బాగలేదమ్మా. మాకెవరు మోస్తారు?" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు.

"నోళ్ళు మూస్తారా లేదా?" హజ్రా బీ కసిరింది. "మోసేది నాలుగు బిందెలు. దానికింత రాగమా?"

తిరిగి వస్తూ రాఘవమ్మ ఇంట్లోకి తొంగిచూసింది. వసారాలో బిందెలు వరసగా, అంచుల దాకా నిండి ఉన్నాయి. రాఘవమ్మ గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇవాళ తల నున్నగా దువ్వుకుంది. అది చూసి హజ్రా బీకి ప్రాణం లేచొచ్చింది.

"ఎట్టుండావమ్మాయ్?"

"రా అత్తా, కూర్చో." రాఘవమ్మ చాప దులిపి పరిచింది. "నేను రేపట్నించి నీళ్ళకొస్తా."

"ఎందుకే? మేమంతా లేమా?"

"ఉండారు. బిందె దించుతారు, ఎనక్కి తిరుగుతారు. మున్నీ పొద్దున నా మొహం కూడా చూళ్ళా. ఇంత బతుకులో నేను నలుగురితో నవ్వింది ఆ బావి కాడే." ఆమె గొంతులో కోపం లేదు. "నా కాళ్ళకేం రోగమత్తా? నువ్వు పక్కనే ఉండు. కావాలంటే చెయ్యి పట్టుకునే ఉండు. నన్ను మాత్రం రానీ."

హజ్రా బీ నాలుక చివరిదాకా సరేనన్న మాట వచ్చింది. అంతలో బావిలోకి వంగిన మగవాళ్ళ వీపులు కళ్ళముందు కదిలాయి.

"ఈ చలికాలం పోనీ. మాఘం ఎళ్ళాక నేనే తీసకపోతా."

"మాఘం," అని రాఘవమ్మ తల ఊపింది. "సరే, కాసేపన్నా కూర్చో మరి."

"బకెట్టు ఇచ్చి రావాలే. సాయంత్రం వస్తా."

రాఘవమ్మ ఆమె వెంట వాకిలి దాకా నడిచి, గడప లోపలే ఆగిపోయింది.

పశువులు ఊళ్ళోకి తిరిగివచ్చే వేళ ఒక కేక వినిపించింది. హజ్రా బీ చేతిలోని ఆకురాయి పడేసి, చూరు నుంచి గరిగె లాక్కుని బావి వైపు పరుగెత్తింది. కొక్కేలు కొంగుకు తగిలి చీర పర్రున చిరిగింది. ఆగలేదు. బావి దగ్గర ఆడవాళ్ళు బిత్తరపోయి చూశారు.

"ఏంది బీబమ్మా? ఎవరి చేద పడింది?"

ఆమె వాళ్ళను తోసుకుని గట్టు మీదకి వంగింది. కింద నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఒక్క అల లేదు. ఆమె ఊపిరి తీసుకుంటుండగా రెండో కేక వచ్చింది. అది హనుమయ్య గొంతు. వచ్చింది వాళ్ళ ఇంట్లోంచి.

మిరపతోటకని తెచ్చిన పురుగుమందు ఇంట్లోనే ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. హజ్రా బీకి కూడా తట్టలేదు. అందరూ బావిని కాశారు.

రాఘవమ్మను ఎడ్లబండిలో పడుకోబెట్టి మాచర్ల దారి పట్టించారు. బండి వాగు దాటకుండానే వెనక్కి తిరిగింది.

వసారాలో హనుమయ్య గోడకు కూలబడ్డాడు. "బావి కాడికి పోకుంటే చాలనుకున్నా," అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. పోలీసులొస్తే కడుపునొప్పని చెప్పమని పెద్దమనుషులు అతని చెవిలో చెబుతున్నారు.

"కడుపునొప్పేం లేదు దానికి," అంది హజ్రా బీ. గరిగె ఇంకా చేతిలోనే ఉంది. "నీళ్ళకు తీసకపొమ్మని నన్నడిగింది. కాసేపు కూర్చోమంది. నేను లేచొచ్చా."

రాఘవమ్మ ఒంటి మీద పోయడానికి ఆడవాళ్ళు వాళ్ళు తెచ్చి పెట్టిన బిందెల్లోని నీళ్ళే వంచారు. అవి చాలలేదు. మున్నీ ఏడుస్తూ ఖాళీ బిందె ఎత్తుకుని, తల మీద పెట్టుకునే చుట్టకుదురు కోసం చుట్టూ చూసి, గుంజ వైపు చేయి చాచి ఆగిపోయింది.

మేకుకు రాఘవమ్మ చుట్టకుదురు వేలాడుతోంది. పాత చీర పీలికలతో ఆమె తనే అల్లుకున్నది. ఇన్నాళ్ళూ తడి తగలక, ఎండి కట్టెలా బిగుసుకుపోయి, ఆమె తల ఒత్తిన పల్లాన్ని అలాగే పట్టుకుని ఉంది.