పగులు మీద గాజుపట్టీ

పలెర్మో నగరంలో పాత బజారు వెనక సందులో కలోజెరో కొన్న ఇల్లు ఒకటిన్నర గది. కాళ్లు చాపుకుంటే ఎదుటి గోడ తగులుతుంది. అయినా నేల మీద నీలం, పసుపు పూల పలకలు, పైకప్పు మీద రంగు వెలిసిన దేవదూతలు, సముద్రపు గాలి తగిలే బాల్కనీ చూసుకుని అతను గంపెడాశ పెట్టుకున్నాడు. భార్య పోయింది. అద్దెకున్న ఇంటి యజమాని ఖాళీ చేయమన్నాడు. పదిహేనేళ్ల కూతురు నిన్ఫాతో ఇక ఇక్కడే తల దాచుకోవాలి.

బాల్కనీ వెలుగు లోపలి గదిలో పడాలని నడిమి అడ్డగోడ తీయించాడు. తట్టితే బోలుగా మోగే సన్నటి గోడ. దాని మీద బరువేమీ లేదని మేస్త్రీ అన్నాడు. కట్టినప్పుడు లేదు మరి. ఏళ్లు గడిచేకొద్దీ పై దూలాలు వంగి దాని నెత్తిన కూర్చున్నాయి. గోడ తీసిన వారానికి మెట్ల దగ్గర నిలువునా పగులు వచ్చింది.

ఊరి కార్యాలయం నుంచి ఓర్లాందా అనే ఇంజనీరమ్మ వచ్చింది. దూలాల కింద గుంజలు నిలబెట్టించి, పగులుకు అడ్డంగా చిన్న గాజుపట్టీని ప్లాస్టర్‌తో అతికించింది. ఇల్లు కదిలితే గాజు విరుగుతుంది. విరిగితే అందరూ ఖాళీ చేయాలి. ఆ పేటలో అలా ఖాళీ చేసి తిరిగొచ్చినవాళ్లను ఎవరూ చూడలేదు. ఊరి చివర కాంక్రీటు గూళ్లలో పడేస్తారు, అంతే.

పై అంతస్తులో వీతా మామ్మ ఒక్కతే ఉండేది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడని నిన్ఫా, బడి నుంచి రాగానే ఆవిడ దగ్గరికే చేరేది. శనగపిండి బిళ్లలు వేయించి పెడుతూ, "దేవుడు నీకు నోరు తినడానికే ఇచ్చాడే" అని మామ్మ ఏడిపించేది.

ఒక మధ్యాహ్నం మెట్లెక్కుతూ నిన్ఫా ఆగిపోయింది. గాజు మీద దుమ్ము లేదు. ప్లాస్టర్ వేలికి తడిగా అంటుకుంది. పైకి వెళ్తే మామ్మ గోళ్ల సందుల్లో తెల్లగా ఉంది.

"విరిగిందా మామ్మా?"

"రెండుసార్లు. మా ఆయన ఫొటో గాజు కోసి అతికించాను. బతికున్నప్పుడు ఎటూ పనికిరాలేదు మనిషి." మామ్మ మూకుట్లో బిళ్లలు తిరగేసింది. "ఈ గదిలోనే పుట్టానే నేను. పోయేటప్పుడు కప్పు కూడా తోడొస్తానంటే రానీ."

సాయంత్రం నాన్నకు చెప్పింది. కలోజెరో ఆశ్చర్యపోలేదు. అతనికి ముందే తెలుసని దాంతోనే అర్థమైంది. గుంజలున్నాయి కదా, వేసవిలో ఇనుప దూలం వేయిద్దాం, అందాకా ఎవరి దగ్గరా అనకు అన్నాడు. ఆ రాత్రి నిన్ఫా కప్పుకేసి చూస్తూ పడుకుంది. పైన మామ్మ మంచం దిగిన చప్పుడు వినిపించినప్పుడల్లా ఊపిరి బిగబట్టింది.

తర్వాతి తనిఖీలో ఓర్లాందా గాజు చూసి బాగానే ఉందంది. మామ్మ ఆవిడకు కాఫీ ఇచ్చింది. నాన్న వీధి దాకా సాగనంపబోతే, తాను వెళ్తానని నిన్ఫా దిగింది. గుమ్మం దగ్గర ఆవిడకు అడ్డంగా నిలబడింది.

"అది మీరు పెట్టిన గాజు కాదండీ," అంది.

పొద్దు వాలేలోపే ఇల్లు ఖాళీ చేయించడానికి అగ్నిమాపక సిబ్బంది వచ్చి మామ్మను కుర్చీలో కూర్చోబెట్టి కిందికి మోశారు. నిన్ఫా పక్కకు రాగానే ఆవిడ కుర్చీ ఆపమంది.

"నా మనవరాలికి కూడా చెప్పలేదే. నీకు చెప్పాను."

తలుపులకు సీలు పడింది. తండ్రీకూతుళ్లు మేనత్త ఇంటి వసారాలో చేరారు. కలోజెరో కూతురిని పల్లెత్తు మాట అనలేదు, అన్నం ముందు కూర్చున్నా పలకరించలేదు. ఫిబ్రవరిలో మామ్మ కాంక్రీటు గూటిలో జ్వరంతో పోయింది. ఆ పిల్ల నోరు మూసుకుని ఉంటే ముసలామె తన మంచం మీదే పోయేదని పేటంతా అనుకుంది.

వానలు కురిశాయి, వెలిశాయి. ఇల్లు కూలలేదు.

నిన్ఫా రోజూ చుట్టుదారిన ఆ సందులోంచే బడికి వెళ్లేది. తలెత్తి బాల్కనీ కేసి చూస్తూ, ఒక్కసారి కూలిపోతే బాగుండు, తను చెప్పింది నిజమేనని అందరూ చూస్తారు, అనుకునేది. అలా అనుకున్న మరుక్షణమే గోడలకు దూరంగా జరిగి గబగబా నడిచేది.