గంగులమ్మకు బదులు

బుధవారం ఓపీ మూసేవేళకు కూడా గంగులమ్మ రాలేదు.

లోహిత తిరుపతిలో ఒక ఆసుపత్రి పరిశోధన విభాగంలో పనిచేస్తుంది. షుగరు వల్ల పాదానికి పుండు పడినవాళ్ళ మీద అక్కడ ఒక స్టడీ నడుస్తోంది. కొందరికి కొత్త జెల్ ఇస్తారు, కొందరికి మామూలు మందు ఇస్తారు. ఎవరికి ఏది ఇస్తున్నారో పేషెంటుకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు. మనుషుల్ని వెతికి స్టడీలో చేర్చడం, చేరినవాళ్ళు చివరిదాకా వచ్చేలా చూసుకోవడం లోహిత పని. చేర్చడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఇంకో ఎత్తు. వారం వారం వచ్చి పుండు కొలిపించుకుని, ఫొటో తీయించుకుని, రక్తం ఇస్తేనే మనిషి లెక్కలో ఉన్నట్టు.

గంగులమ్మది ఐరాల అవతల ఊరు. ఇంతవరకు ఒక్క వారం కూడా తప్పలేదు. లోహిత ఫోన్ చేస్తే కోడలు హేమశ్రీ ఎత్తింది.

"అత్త రాదు మేడమ్. రాత్రి ఊర్లో చాటింపు ఏసేసినారు. జాతర అయ్యేదాకా ఎవురూ ఊరి ఎల్ల దాటకూడదు."

లోహిత తల పట్టుకుంది. తిరుపతి గంగజాతర చాటింపు సంగతి ఆమెకు తెలుసు. పల్లెల్లో జాతర ఎప్పుడన్నది ఆ ఊరి పెద్దలు అనుకున్నప్పుడే తేలుతుంది. తేదీ ఇచ్చేటప్పుడు తను అడగలేదు. బుధవారం రావాలమ్మా అంటే గంగులమ్మ "అట్నే తల్లీ" అంది. ఆసుపత్రిలో ఇచ్చిన తేదీని కుదరదనవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"ఎప్పటిదాకా?" అని అడిగాడు డాక్టర్ బాలచంద్ర. స్టడీకి పెద్ద ఆయనే.

"వచ్చే బుధవారం దాకా సార్."

"ఆమె రాలేకపోతే మనమే పోవాలి. ఇంటికెళ్ళి చూడటానికి అనుమతి ఉంది కదా, రేపు వెళ్ళు. ఈ మధ్యే ముగ్గురు జారిపోయారు. ఇంకొకరు పోతే స్టడీ మన దగ్గర ఉంచరు."

"తీసుకొస్తా సార్, కొలతలూ రక్తమూ."

గురువారం పొద్దున లోహిత కాణిపాకం బస్సెక్కింది. అక్కడ గోపీ అనే అతని ఆటో మాట్లాడుకుంది. ఊరి పేరు చెప్పగానే అతను వెనక్కి తిరిగి చూశాడు.

"ఆ ఊరికా? పొద్దుగూకే లోపల బయటపడాల మేడమ్. రాత్రికి ఆడుంటే జాతర అయ్యేదాకా ఆడనే."

"గంటలో పని అయిపోతుంది, అక్కడే ఉండు."

ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా వేపాకు తోరణం కట్టి ఉంది. గోపీ ఆటోను తోరణానికి ఇవతలే ఆపాడు. లోహిత దాని కింద నుంచి పోతున్న ఒక ఆడమనిషి చెప్పుల్లేని కాళ్ళు చూసింది. తన చెప్పులు విప్పి సంచిలో పెట్టుకుని నడిచింది.

గంగులమ్మ ఇంటి ముందు కూర్చుని కుండకు పసుపు పూస్తోంది. లోహితను చూసి లేచి ఎదురొచ్చింది.

"ఇంత దూరం వచ్చినావా పాపా! నేనేమన్నా పారిపోయినానా?"

"పారిపోతే పట్టుకుందామనే వచ్చినా."

"సూడే హేమా, నా కాలికి కాపలా వచ్చింది! మజ్జిగ తీసుకురా."

లోహిత ఆమె పాదాలు చూసింది. కట్టుకు మట్టి పట్టి ఉంది. షుగరు పాదాలకని ఆసుపత్రిలో ఇచ్చిన మెత్తటి ఎంసీఆర్ చెప్పులు గోడ మీది గూట్లో ఉన్నాయి.

"చెప్పులు వేసుకోలేదేమమ్మా?"

"గంగమ్మ ఊర్లో ఉండంగ చెప్పులేసుకుని తిరగమంటావా? ఊరు ఊరంతా ఉత్తికాళ్ళతో ఉండాది. నేనొకదాన్నే టకటకమని పోయేదా?"

లోహిత చేతులు కడుక్కుని గ్లవ్స్ వేసుకుంది. కట్టు విప్పగానే వాసన వచ్చింది. పుండు బొటనవేలి కింద ఉంది. పోయిన వారం కొలిచినప్పుడు దాని వెడల్పు తగ్గి ఉంది. ఇప్పుడు అంచు నల్లబడింది. ఎరుపు చీలమండ దాకా పాకింది.

"నొప్పి ఉందా?"

"నొప్పేమీ లేదే. బాగుంది గదా?"

నొప్పి తెలియకపోవడమే లోహితను భయపెట్టింది. ఫొటోలు తీసి డాక్టరుకు పంపింది. కాసేపటికే ఆయన ఫోన్ చేశాడు.

"స్టడీ మందు ఆపెయ్. స్టడీ సంగతి తర్వాత. ఈ రోజే తీసుకురావాలి. వచ్చే బుధవారం దాకా ఆగితే వేలు కాదు, పాదమే తీసేయాల్సి వస్తుంది."

లోహిత ఫోన్ పెట్టేసి గంగులమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది. డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పింది. ఏదీ తగ్గించలేదు.

గంగులమ్మ అడిగింది పాదం గురించి కాదు.

"అయితే నన్ను తీసేసినారా? నా కాలిని సూసి ఇంకొకరికి మందు కనిపెడతారని చెప్తివే. వారం వారం వస్తినే."

"తీసేయలేదమ్మా. ఆ మందు ఆపినాం, అంతే. ముందు కాలు నిలవనీ. లెయ్యండి, ఆటో ఉంది."

"ఆటో ఉంటే? ఎల్ల దాటకూడదు పాపా."

కొడుకు మునిప్రసాద్ అప్పటిదాకా గడప దగ్గర నిలబడి వింటున్నాడు. "ఎల్లప్ప మామను అడగాల. ఆయన సరే అంటేనే," అన్నాడు. లోహిత వెంటనే లేచింది.

ఎల్లప్ప జాతర పెద్ద. గుడి ముందర పందిరి వేయిస్తున్నాడు. లోహిత చెప్పిందంతా విని, కట్టెలు మోసేవాళ్ళను ఆగమని చెయ్యి ఊపాడు.

"కాలు పోతాదంటే నాకు మాత్రం బాధ లేదా పాపా? పొమ్మంటాను. రేపు ఎవరింట్లోనన్నా బిడ్డకు జొరమొస్తే, గంగులమ్మ ఎల్ల దాటింది కాబట్టేనని నోళ్ళు లేస్తాయి. పోయినేడు ఒకడు సంతకని పోయినాడు. ఆ వారమే ఎవరిదో ఆవు సచ్చింది. ఇప్పటికీ వాని ఇంటికి పిలుపు లేదు. ఈయమ్మ రేపు బతకాల్సింది ఈ ఊర్లో. నీ ఆసుపత్రిలో కాదు."

గంగులమ్మ భయం కూడా అదేనని లోహితకు అర్థమైంది. అమ్మవారి కోపం సంగతి తను వాదించగలిగేది కాదు, పక్కింటివాళ్ళ మాట సంగతి అసలే కాదు. కానీ ఈ ఊర్లో జాతర ఈ ఏడు పుట్టింది కాదు.

"ఇన్నేళ్ళలో జాతరప్పుడు ఎవరికీ కాన్పు రాలేదా పెద్దాయనా? ఎవరినీ పాము కరవలేదా? వాళ్ళను ఏం చేసినారు?"

ఎల్లప్ప తల గోక్కున్నాడు.

"మా నాయన పెద్దరికం చేసేటప్పుడు ఒకామెకు నొప్పులొచ్చినాయి. బిడ్డ అడ్డం తిరిగింది. అప్పుడు బదులు మనిషిని నిలబెట్టి పంపించినారు. చాటింపు నాడు ఊర్లో ఎన్ని తలలు ఉంటాయో, జాతర అయ్యేదాకా అన్ని తలలూ ఉండాల. ఒకరు పోతే ఒకరు రావాల."

"ఎవరు ఉండొచ్చు?"

"బయటి మనిషి. ఆడమనిషికి ఆడమనిషి. యాడ దొరుకుతారు? జాతరకు సుట్టాలొస్తారు గానీ, ఉండిపోతారా ఎవరన్నా?"

"నేనుంటా," అంది లోహిత.

కట్టె పట్టుకున్నవాడు నవ్వాడు. ఎల్లప్ప నవ్వలేదు. పందిరి కింద కూర్చోమన్నాడు. తానూ కూర్చున్నాడు.

"తొందరపడొద్దు. ముందే అన్నీ చెప్తా, ఇష్టముంటేనే ఒప్పుకో. ఆమె పడుకునే చోట పడుకోవాల. ఆమె కంచంలో తినాల. చెప్పులెయ్యకూడదు. తలకు నూనె రాయకూడదు. తాళింపు పెట్టిన కూర తినకూడదు. జాతర నాడు ఆమె అంబలి కుండ నువ్వే మొయ్యాల. అర్థమైందా?"

"అయింది. మధ్యలో నాకు పోవాలనిపిస్తే?"

"పోకూడదు. దానికే గదా ముందర అడిగేది."

స్టడీలో చేరేవాళ్ళకు లోహిత ఈ వరసలోనే అన్నీ చెబుతుంది. ఎప్పుడైనా మానుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు అని చివర్లో చెబుతుంది. ఎల్లప్ప దగ్గర ఆ చివరి మాట లేదు. ఆమె ఒక్క నిమిషం ఆలోచించింది. చిత్తూరులో అమ్మకు చెప్పాలి. మిగతా పేషెంట్లను ఎవరో ఒకరు చూడాలి. వేసుకోను ఇంకో జత బట్టలు లేవు.

"ఇష్టమే," అంది.

"ఆమె కొడుకును కూడా తోడు పంపొచ్చా?" అని మళ్ళీ తనే అడిగింది.

"అయితే ఇంకో మనిషిని పిలిపించు," అన్నాడు ఎల్లప్ప, లేస్తూ.

డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయనకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పించుకున్నాడు.

"పేషెంటును పట్టుకొస్తానని పోయి నువ్వే పట్టుబడ్డావా? నీ విజిట్లు ఎవరు చూస్తారు?"

"మన విభాగంలో రూపశ్రీ చూస్తుంది సార్, ఇప్పుడే మాట్లాడినా. నర్సు నిర్మలమ్మను గేటు దగ్గర ఉండమనండి. గంగులమ్మ ఒక్కతే వస్తుంది. పొద్దున తిన్న సంకటి తప్ప ఏమీ తినలేదు, అది సర్జన్‌కు చెప్పండి."

గంగులమ్మ మాత్రం ఒప్పుకోలేదు. పెళ్ళి కావాల్సిన పిల్ల ఊరు కాని ఊర్లో నా కోసం పడుండేదేంది అంది. హేమశ్రీ అత్త బట్టలు సంచిలో పెట్టేసింది. "నువ్వు పోకుంటే ఈమెకు ఈడ పనేముండాది అత్తా? ఇద్దరూ ఈడే ఉంటే ఒక తల ఎక్కువైతాది, ఎల్లప్ప మామ దానికీ ఒప్పుకోడు," అంది. గంగులమ్మకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మునిప్రసాద్ తల్లిని ఎత్తుకుని తోరణం దాకా తెచ్చాడు. ఆమె పాదం నేలకు ఆననివ్వలేదు. అక్కడ ఎల్లప్ప గంగులమ్మ చేతికున్న పసుపుదారం విప్పి లోహిత చేతికి కట్టాడు. అవతలి నుంచి గోపీ వచ్చి గంగులమ్మను అందుకుని ఆటోలో కూర్చోబెట్టాడు.

"పాపా, నువ్వు మధ్యలో పోతే నా పరువు పోతాది," అంది గంగులమ్మ ఆటోలోంచి.

"నేను పోను. మీరు ఆడ డాక్టరు చెప్పినట్టు వినండి."

"మీరు గంట పనికొచ్చి వారం ఉండిపోతిరే మేడమ్," అన్నాడు గోపీ. "బాడుగ?"

"ఆసుపత్రిలో అడుగు. నడుపు ముందు."

ఆ రోజు పొద్దుగూకేలోగా లోహితకు రెండు చోట్ల ముల్లు గుచ్చుకుంది. హేమశ్రీ పిన్నీసుతో తీసింది. కుండ తల మీద పెట్టుకుని వాకిట్లో అటూ ఇటూ నడిపించింది. మొదటిసారి నీళ్ళన్నీ లోహిత మీదే పడ్డాయి. పక్కింటి ఆడవాళ్ళు చూడటానికి వచ్చారు. "బదులు మనిషి ఈమేనా? బక్కగా ఉండాదే, కుండ మోస్తాదా?" అని ఒకామె అడిగింది. "మోస్తా," అని లోహిత మళ్ళీ నీళ్ళు నింపుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం బాలచంద్ర ఫోన్ చేశాడు. బొటనవేలు తీసేశారు. పాదం నిలిచింది.

"స్టడీ మందు ఇక ఇవ్వకూడదు. కానీ ఆమె కొలతలకు వస్తానంటే స్టడీలో ఉన్నట్టే లెక్క. అడిగాను. నీతోనే మాట్లాడతానంది."

ఫోన్ గంగులమ్మ చేతికి వెళ్ళింది.

"పాపా, కుండ మోస్తుండావా?"

"వాకిట్లో సగం దూరం మోస్తున్నా."

"నవ్వుతారు, నవ్వనీ. నేను మళ్ళీ రావాలంటనే?"

"రావాల్సిన పని లేదమ్మా. ఇష్టముంటేనే. రాకపోయినా మీ కాలికి వైద్యం ఆపరు."

అవతల గంగులమ్మ ఏవో రోజులు లెక్కపెట్టుకోవడం వినిపించింది.

"వస్తా. ఒక వేలు పోయినాక ఆ పుండు ఏమైతాదో మీకూ తెలియాల గదా. కానీ ఈసారి తేదీ నువ్వు చెప్పొద్దు, నేను చెప్తా. వాన పడితే చేన్లో చెనిక్కాయ ఇత్తనం ఏసేది ఉండాది, అప్పుడు రాను. అక్క మనవరాలికి పేరు పెట్టేది ఉండాది, ఆ సోమవారం రాను. పౌర్ణమి అయినాక మంగళవారం వస్తా. రాసుకో."

"రాసుకున్నా," అంది లోహిత.

కుండ గోడ వారగా దించింది. స్టడీలో ఉన్న మిగతావాళ్ళకు ఒక్కొక్కరికే ఫోన్ చేయడం మొదలుపెట్టింది. ఎప్పుడు వస్తారని అడగలేదు. ఏ రోజు కుదరదో చెప్పమంది. మొదట ఎత్తినవాడు నగరిలో మరమగ్గం నడిపే మోహన. మగ్గాల చప్పుడులో వినపడక అతను షెడ్డు బయటికి వచ్చాడు. మళ్ళీ చెప్పమన్నాడు. లోహిత మళ్ళీ చెప్పింది.

"ఇన్నాళ్ళకు అడిగినారు మేడమ్," అన్నాడు అతను. "ఉండండి, చెప్తా."